బేచనీ అనే పాప

అచ్చంపేట దాటి పెద్దగా తిరగనిదాన్ని. ఓసారి బిడ్డను చూసొద్దామని చౌటుప్పల్ పోయే బస్సెక్కాను. పక్క సీట్లో, ఫ్యాక్టరీ పనికి బీహార్ నుంచి వచ్చిన ఒకామె కూర్చుంది. ఒళ్లో నెలల పాప. నేను చూసినప్పుడల్లా పాప ముఖం మీద కొంగు కప్పుతోంది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ల ముచ్చట్లు చాలా విన్నాను. నాకు అనుమానం వచ్చింది.

"పాప పేరేంది బిడ్డా?"

"బేచనీ."

వినడానికి ఎంతో సుకుమారంగా ఉంది. "అంటే ఏంది?"

"అమ్మేసిన పిల్ల," అంది వచ్చీరాని తెలుగులో.

"ఎవలమ్మిండ్రే? నీకెక్కడిదే గీ పిల్ల? ఉండు, కండక్టర్‌ని పిలుస్త!" అని లేచాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నా పాపనే అమ్మా! ముందు ఇద్దరు చచ్చిపోయిండ్రు. ఇది బతకాలని మంత్రసానికి అమ్మిన. గుప్పెడు వడ్లిచ్చి మళ్ల కొనుక్కున్న."

నేను కూర్చుండిపోయాను. "మా అమ్మకు గూడ నా ముందటోళ్లు దక్కలే. నన్ను పెంటకుప్ప మీద పండబెట్టి, చాటెడు తవుడిచ్చి కొనుక్కున్నదట. గందుకే నేను పెంటమ్మను. ఇటియ్యి, జరసేపు ఎత్తుకుంట."

ఆమె నవ్వి పాపను నా ఒళ్లో పెట్టింది. కానీ నేను దిగేదాకా పాప కాలు మాత్రం వదల్లేదు.