నాలుగంకెల డీకోడర్

పాత రైలింజిన్ బొమ్మలో డీకోడర్ పెట్టాలంటే మొదట దాని మోటారు ఎంత కరెంటు తాగుతుందో చూడాలి, తరువాత లోపల ఎంత చోటుందో చూడాలి. ఒకే ఒక్క ఇంజిన్‌కి మాత్రం నేను ఇంకో సంగతి కూడా చూశాను. ఆ డీకోడర్ నా పగ తీర్చగలదా లేదా అని.

పరాయి రాష్ట్రంలో, రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టర్‌గా చేశాను. అందులో ఇరవై ఏళ్లు ఒకే ఫోర్‌మన్ కింద. ఆయనది పలాస దగ్గర, మాదీ అటువైపే. అయినా నన్ను ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. నా హాజరు టికెట్ నెంబరు నాలుగు వేల ఏడు వందల పదహారు. షాపు ఆ చివర నుంచి నలభై ఏడు పదహారు అని, హిందీలో "సైంతాలీస్ సోలా" అని కేకేసేవాడు. కుక్కనైనా జనం పేరు పెట్టే పిలుస్తారు.

ఒక ఏడాది షాపులో ఎగ్జిబిషన్ పెడతామన్నారు. ఒక ఆఫీసరుగారింట్లో ఉన్న విదేశీ బొమ్మ పట్టాల కొలత తీసుకుని, తుక్కు ఇత్తడితో చిన్న ఆవిరి ఇంజిన్ చేశాను. పదకొండు నెలలు భోజనం గంటలన్నీ దానికే పోయాయి. పాడైన టేప్ రికార్డర్ మోటారు దానికి ప్రాణం. చక్రాలు నేనే లేత్ మీద తీశాను. తీరా ఎగ్జిబిషన్ నాడు చూస్తే కింద చెక్కకి ఇత్తడి పలక బిగించి ఉంది. తయారు చేసినవారు అని, దాని పక్కన ఫోర్‌మన్ పేరు.

లేత్‌లు తిరుగుతుండగా ఆయన దగ్గరికెళ్లి ఆ పలక గురించి అడిగాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "వినబడ్డం లేదోయ్, మళ్ళీ సెప్పు" అన్నాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ చెయ్యి పెట్టాడు. మూడోసారి చెప్పేసరికి పక్కవాళ్లు నవ్వుతున్నారు. తలదించుకుని నా బెంచీకి వచ్చేశాను. ఆ తరువాత ఆయన రిటైరయిన రోజున ఆ ఇంజిన్‌నే శాలువాతో పాటు ఆయనకి బహుమతిగా ఇచ్చారు. సొమ్మొకడిది, సోకొకడిది. నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు గుర్తొస్తే ఇప్పటికీ నా చేతుల మీద నాకే అసహ్యం.

నేనూ రిటైరయ్యాను. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా అబ్బాయి క్వార్టర్‌లో ఉంటూ, ఊళ్లోని ఇంజినీరింగ్ కాలేజీ క్యాంపస్ విద్యార్థుల బొమ్మ రైళ్లు బాగు చేసి పెడుతుంటాను. వాళ్లు పక్కనే హిజ్లీలో ఒక హాలు నిండా పట్టాలు పరిచి ఆదివారం పొద్దున రైళ్లు నడుపుతారు. పాత పద్ధతిలో పట్టాల్లోకి కరెంటు వదిలితే వాటి మీదున్న ఇంజిన్లన్నీ పరిగెత్తేవి. ఇప్పుడు డిజిటల్. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది. ప్రతి ఇంజిన్ కడుపులో డీకోడర్ అనే చిన్న బిళ్ల, దానికో నెంబరు. చేతిలోని రిమోట్ మీద ఆ నెంబరు నొక్కితే ఆ ఇంజిన్ ఒక్కటే పలుకుతుంది.

పోయిన వానాకాలం అయ్యాక మా గుమ్మం ముందు టోటో అనే బ్యాటరీ ఆటో ఆగింది. ఫోర్‌మన్ దిగాడు, చేతిలో తువ్వాలు చుట్టిన మూట. విప్పితే నా ఇంజిన్. తళతళా తోమిన ఇత్తడి, తళతళా తోమిన పలక. హిజ్లీ హాల్లో దాన్ని నడిపి చూపించాలట, డిజిటల్ చేసిపెట్టాలట. టీ తాగి, గ్లాసు కింద పెడుతూ అన్నాడు, "అప్పట్లో నువ్వూ దీనికి కొంచెం సాయం సేసినావు కదోయ్. లోపల సంగతి నీకు తెలుస్తాది."

కొంచెం సాయం. "అలాగే బాబూ" అన్నాను.

మొదట వచ్చిన ఆలోచన చాలా సులువైనది. ఆ మోటారులో ఒక కొస నేరుగా ఇత్తడి చట్రానికి తగిలి ఉంటుంది. ఒక తీగ కలిసొస్తుందని అప్పట్లో నేనే అలా పెట్టాను. దాన్ని చట్రం నుంచి విడదీయకుండా డీకోడర్ పెడితే, పట్టాల మీద పెట్టీపెట్టగానే మాడి పొగ వస్తుంది. నిండు హాల్లో ఆయన చేతిలో పొగ. రెండు రోజులు ఆ పొగను తలచుకుని సంతోషపడ్డాను. కానీ ఇంజిన్ విప్పాక నా ఆకురాయి గీతలు కనబడ్డాయి. నేను కన్నదాన్ని నేను కాల్చలేను. చట్రానికీ మోటారుకీ మధ్య టేపు వేశాను.

తరువాత చక్రాన్ని వేలితో గట్టిగా ఆపి కరెంటు కొలిచాను. కదలనివ్వకపోతే మోటారు ఎంత లాగుతుందో అంతా తట్టుకునే డీకోడర్ కావాలి. ప్రేమ్ బజార్‌లో కొట్టు దాదా మూడు రకాలు తెప్పించి ముందు పెట్టాడు. ఒకటి చిన్నది, ఈ మోటారుని తట్టుకోలేదు. రెండోది తట్టుకుంటుంది, కానీ నూట ఇరవై ఏడు దాటిన నెంబరు తీసుకోదు. మూడోది నాలుగంకెలు తీసుకుంటుంది. పైగా దానికి తాళం ఉంది. ఒకసారి తాళం వేస్తే నెంబరు ఎవరూ చదవలేరు, మార్చలేరు, వేసినవాడు తప్ప. "కోన్‌టా నేబెన్, కాకా?" అని దాదా బెంగాలీలో అడిగాడు, ఏది తీసుకుంటారని. ఆలోచించే పనే లేకపోయింది, మూడోదే.

మా ఆవిడ నా మొహం చూసి కనిపెట్టేసింది. "ఇంకా ఏటి ఆ పాత గొడవ" అంది. గొడవ పాతదే, డీకోడర్ కొత్తదన్నాను.

ఆదివారం హాలు నిండింది. ఫోర్‌మన్ ఇస్త్రీ చొక్కాతో వచ్చి పలక అందరికీ కనబడేలా చెక్కని తిప్పి పెట్టాడు. దీన్ని తానెలా చేశాడో విద్యార్థులకి అరగంట చెప్పాడు. పదకొండు నెలల భోజనం గంటలు కూడా తనవే అన్నాడు. అప్పుడు ఇంజిన్ పట్టాల మీద పెట్టి, రిమోట్ పట్టుకుని నావైపు తిరిగాడు. నెంబరెంత అన్నాడు.

మీకు తెలిసిందే, ఇరవై ఏళ్లు రోజూ పిలిచినదే అన్నాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఏదో నొక్కాడు, ఇంజిన్ కదల్లేదు. ఇంకేదో నొక్కాడు. నిజంగానే గుర్తు లేదు ఆయనకి. నన్ను మనిషిగా కాక నెంబరుగా చూసినవాడు ఆ నెంబరు కూడా గుర్తుంచుకోలేదు. ఆ పలక కంటే ఇదే నన్ను ఎక్కువ కోసింది. అప్పటిదాకా నాలో మిగిలి ఉన్న కాస్త జాలి కూడా పోయింది. ఒక విద్యార్థి రిమోట్‌తో డీకోడర్‌లోని నెంబరు చదవబోయాడు. తాళం ఉంది, రాలేదు.

"సెప్పవోయ్, అందరూ సూస్తన్నారు" అన్నాడు ఫోర్‌మన్.

"దీన్ని ఎవులు సేసినారో సెప్పండి బాబూ, నెంబరు సెప్తాను."

ఆయన పలక వంక చూశాడు, విద్యార్థుల వంక చూశాడు, చివరికి నేల చూస్తూ నువ్వే అని గొణిగాడు. నాకు స్పష్టంగా వినబడింది. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, వినబడ్డం లేదు, మళ్లీ చెప్పండన్నాను. ఆయనకి ఆ చెయ్యి గుర్తొచ్చింది. మొహం ఎర్రబడింది. రెండోసారి కాస్త గట్టిగా అన్నాడు. చెయ్యి తియ్యలేదు నేను. మూడోసారి హాలంతటికీ వినబడింది, "నువ్వే సేసినావు. మొత్తం నువ్వే సేసినావు."

అప్పుడు చెప్పాను, సైంతాలీస్ సోలా. నాలుగు, ఏడు, ఒకటి, ఆరు అని నేను ఒక్కొక్క అంకె చెబుతుంటే ఆయన నొక్కాడు. నా ఇంజిన్ కదిలింది. వంపు తిరిగి, వంతెన దాటి, మళ్లీ మా ముందుకొచ్చి ఆగింది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు, ఈసారి నావైపు తిరిగి.

వాళ్లు అటు వెళ్లాక ఫోర్‌మన్ నా పక్కకొచ్చి, ఎవరికీ వినబడకుండా అడిగాడు, "ఆ నెంబరు మార్సగలవేటోయ్?"

నేను మళ్లీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాను.