ఆత్రేయపురంలో ‘అండీ’ అన్న హాంకాంగ్ విలన్

కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకునే నన్ను ఆత్రేయపురం రప్పించింది ఒక ఫోన్ కాల్. మా నాన్నగారి స్నేహితుడు వెంకటరత్నం గారికి అక్కడో సినిమా హాలుంది. కేబుల్ టీవీ వచ్చాక జనం అటు రావడం మానేశారు. ఈ ఆదివారం మ్యాట్నీ కూడా ఖాళీగా పోతే హాలుని గోడౌన్‌గా ఇచ్చేస్తానని ఆయన ఒక బియ్యం వ్యాపారికి మాటిచ్చేశారు. "హాంకాంగ్ చైనా చేతికి వెళ్ళాక అక్కడివాళ్ళు సినిమాలు చవగ్గా అమ్మేస్తున్నారటమ్మా. మద్రాసు ఏజెంటు ఓ ఫైటింగ్ బొమ్మ ఇచ్చాడు. డబ్బింగ్ లేదు, కింద ఇంగ్లీషు అక్షరాలే. నువ్వొచ్చి తెలుగు చెప్పాలి" అన్నారు.

సామర్లకోటలో ఉదయం ఎనిమిదింటికి పాసింజరెక్కి రాజమండ్రిలో దిగాను. ధవళేశ్వరం బ్యారేజీ మీదుగా బొబ్బర్లంక వరకు బస్సు, అక్కడి నుంచి ఐదు రూపాయలకు షేర్ ఆటో. "చైనా బొమ్మంటండి. మనోళ్ళకేం అర్థమవుద్దండీ?" అన్నాడు డ్రైవరు. నా భయమూ అదే, అయినా ఒళ్ళు మండింది. "అర్థమయ్యేలా చెప్పడానికే వచ్చానయ్యా!" అన్నాను.

రెండున్నర ఆటకి హాలు సగం కూడా నిండలేదు. బియ్యం వ్యాపారి శేషయ్య గారు బాల్కనీలో కూర్చుని గోడలు ఎగాదిగా చూస్తున్నారు. ఆయన ఎందుకొచ్చారో ఊరందరికీ తెలుసు. తెర పక్కన మైకు పట్టుకున్నది సత్తిబాబు, ఊళ్ళో రిక్షా మీద తిరుగుతూ కొత్త సినిమాలు చాటే మనిషి. నేను చెవిలో చెప్పాలి, ఆయన మైకులో అనాలి. మొదటి ఫైటింగులోనే నా కొంప మునిగింది. విలన్ ముసలి గురువు మీదికి కత్తి దూశాడు. "నిన్ను చంపేస్తాను" అని చెవిలో చెప్పాను. మైకులో వినిపించింది: "మిమ్మల్ని చంపేస్తానండీ!"

నాకు తల కొట్టేసినట్టయింది. "ఏంటండీ, విలన్ ఎక్కడైనా అండీ అంటాడా?" అని గదమాయించాను. "పెద్దాయన కదండీ మేడమ్! పగుంటే మాత్రం మర్యాద మానేస్తామా అండీ?" అన్నారాయన, మైకు ఆపకుండానే. హాలంతా గొల్లుమంది. ఇంక ఆయన్ని ఆపడం నా తరం కాలేదు. "మీ కాలు విరిచేస్తానండి", "ముందు మీరే రండి". ఇంటర్వెల్‌లో ఇళ్ళకి పరిగెత్తినవాళ్ళు పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకొచ్చారు. పూతరేకులు నములుతూ జనం నేల మీద కూడా కూర్చున్నారు.

సినిమా రెండో సగంలో, హాంకాంగ్ చైనా చేతికి పోతోందన్న భయంతో స్థలం యజమాని గురువు గారు ఫైటింగ్ నేర్పే బడిని అమ్మేస్తాడు. శిష్యులతో గురువు గారి చివరి మాట నేను చెవిలో సగమే చెప్పాను, మిగతాది చెప్పలేకపోయాను. సత్తిబాబే నెమ్మదిగా అన్నారు: "రేపట్నించి బడి ఉండదండి. ఇన్నాళ్ళూ వచ్చారు, సంతోషమండి." బెంచీల్లోంచి ఒక పెద్దావిడ లేచి, తెర వైపు కాదు, గుమ్మంలో నిలబడ్డ వెంకటరత్నం గారి వైపు తిరిగింది. "మూయకండి బాబూ! మేమొస్తాం!" అని అరిచింది. ఆ వెంటనే హాలంతా అదే కేక. ఆయన కళ్ళు తుడుచుకుంటూ బాల్కనీ ఎక్కారు. "శేషయ్య గారూ, క్షమించండి. హాలు ఇవ్వలేనండి" అన్నారు.

"ఇవ్వకపోతే మానెయ్యండి, ముందు అడ్డు తప్పుకోండి! బొమ్మ కనపడట్లేదు" అన్నారు శేషయ్య గారు.

విదేశీ సరుకు మన హాళ్ళని మింగేస్తోందని తిట్టిపోసినదాన్నే నేను. కేబుల్ టీవీ వచ్చిన దారినే హాంకాంగ్ బొమ్మా వచ్చింది. అక్కడ జెండా మారితే ఇక్కడికి చేరిన ఆ సినిమాని ఆత్రేయపురం తన మాటతో సొంతం చేసుకుంది. గెలిచాం! ఆ సంతోషం ఏడాదైనా నాకు తగ్గలేదు.

వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట. ఆదివారం మ్యాట్నీకి ఒంటిగంటకల్లా గేటు దగ్గర ఉండండి. ఆలస్యమైతే హౌస్‌ఫుల్ బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డుని వెంకటరత్నం గారు ఇంకెవరినీ ముట్టుకోనివ్వరు, ఆ వయసులో స్టూలెక్కి తనే కడతారు.