గుడ్డపీలిక మీద పాట

ఇరవై ఆరేళ్లు బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషికి మైకు గురించి పాఠం చెబితే ఒళ్లు మండదా? మైకమ్మకు మండింది. అసలు పేరు ఇంట్లోవాళ్లకే సరిగ్గా గుర్తులేదు. డ్రైవర్ల దగ్గర్నుంచి మూటలు మోసేవాళ్ల దాకా అందరికీ ఆమె మైకమ్మే. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో ఆమె గొంతు చెబితే గానీ జనం బెంచీల మీంచి లేచేవాళ్లు కాదు. అక్కడి మైకు సర్వీసులో ఆమెకన్నా సీనియరు. దాని మూతికి చేతిరుమాలు చుట్టి, రబ్బరు బ్యాండు బిగించి, నాలుగు వేళ్ల ఎడంగా నోరు పెట్టి మాట్లాడితే ఒక్క అక్షరం పొల్లుపోయేది కాదు.

ఆ గొంతులో ఇప్పుడు గడ్డ లేచింది. ఆపరేషన్‌కు నెల గడువుందన్నాడు డాక్టరు. ప్రాణానికి భయం లేదు గానీ గొంతు మళ్లీ ఇలాగే ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు. ఉద్యోగం సంగతి ఆమె పట్టించుకోలేదు. దిగులంతా ఆరు పాటల గురించే. అమ్మ కుట్టుమిషను తొక్కుతూ పాడుకున్న పాటలవి. కాగితం మీద లేవు, ఇంకెవరికీ రావు. తమ్ముడు అప్పటికి చంటివాడు. మిషను పక్కన గుడ్డముక్కల కుప్ప మీద పడుకుని ఆ పాటలకు నిద్రపోవడమే తప్ప ఒక్కటీ నేర్చుకోలేదు.

ఆ తమ్ముడే ఇప్పుడు కుట్టుమిషన్ల మెకానిక్కు. కింద కొట్టు, మేడమీద గదిలో కంప్యూటరు, పాత మైకు, హెడ్‌ఫోను. తీరిక దొరికితే చుట్టుపక్కల పాడేవాళ్లకు రికార్డింగులు చేసిపెడుతుంటాడు. ఇంకేం, ఇంట్లోనే ఉంది కదా వసతి అనుకుని, మైకమ్మ మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా మేడెక్కింది. పల్లవి ఎత్తుకుందో లేదో తమ్ముడు చెయ్యెత్తి ఆపేశాడు. హెడ్‌ఫోనులో సన్నగా ఏదో గుయ్యిమంటోందట.

"అమ్మ పాటలక్కా ఇవి. ఈ డొక్కు సామానుతో చేసి పాడుచెయ్యమంటావా? ఒక్క వారం ఆగు, మంచివి కొందాం."

పోనీ ఫోన్‌లోనే పాడి దాచుకుంటానురా అంటే మొహం మాడ్చుకున్నాడు. వాడి ముచ్చట కాదనలేక ఊరుకుంది. ఆ ఊరుకోవడమే తప్పయిందని ఇప్పటికీ అనుకుంటుంది.

సామాన్ల కొట్టుకు ఆమెనూ వెంటబెట్టుకెళ్లాడు. కొట్టతను ఒక వెండిరంగు మైకును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకొచ్చి, "చీమ నడిచినా పట్టేస్తుందమ్మా ఇది," అన్నాడు.

"చీమను ఎవరు పాడమన్నారు బాబూ?" అంది మైకమ్మ.

అతను నవ్వాడు. తమ్ముడు నవ్వలేదు, కొన్నాడు. ఇంటికి తెచ్చాక తెలిసింది, కొత్త మైకుకు కరెంటందించే తాహతు, మైకును కంప్యూటరుకు కలిపే పాత పెట్టెకు లేదని. మళ్లీ కొట్టు, మళ్లీ కొత్త పెట్టె, నాలుగు రోజులు. పెట్టె వచ్చాక మైకు నిజంగానే చీమల్ని కూడా వదల్లేదు. పక్కింటి మిక్సీ, గోడ గడియారం, వంటింట్లో మరదలి గాజులు, అన్నీ పట్టేసింది. దాంతో గోడలకు చప్పుడు పీల్చే నురగ పలకలు అంటించాలన్నాడు. పలకల్లో ఏ మందం మంచిదని వీడియోలు చూస్తూ ఇంకో వారం గడిపాడు. "మీ తమ్ముడు నన్ను పెళ్లి చేసుకునేటప్పుడు కూడా ఇన్ని చూడలేదు వదినా," అని మరదలు నవ్వించబోయింది. మైకమ్మకు నవ్వు రాలేదు. గొంతు రోజురోజుకూ బరువెక్కుతున్న సంగతి ఆమెకు తెలుస్తోంది, తమ్ముడికి తెలియడం లేదు.

పిలిచినప్పుడల్లా మాత్రం వెళ్లింది. ఇటు తిరిగి పాడమంటే ఇటు, అటు తిరిగి పాడమంటే అటు. పలకల పనితనం చూడాలంటూ ఒక మధ్యాహ్నం అయిదో పాటా ఆరో పాటా మొదట్నుంచి చివరిదాకా పాడించాడు. అమ్మ మిషను తొక్కిన లయ పాదాల్లోకి వచ్చేసి, ఆ రోజు ఆమె చాలా బాగా పాడింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. గడ్డ పెరుగుతోందట, ఎల్లుండే వచ్చి చేరమన్నారు. మైకమ్మ గబగబా మేడెక్కి, నిన్నటి రెండూ ఉన్నాయి కాబట్టి మిగతా నాలుగూ ఇప్పుడే కానిద్దామంది. తమ్ముడు నీళ్లు నమిలాడు.

"అవి ట్రయలే కదక్కా. చూసుకుని తీసేశాను."

వాడి పనే అంత. మిషను బాగుచేశాక గుడ్డపీలిక పెట్టి నాలుగు కుట్లు వేస్తాడు, కుట్టు చూస్తాడు, పీలికను బుట్టలో పారేస్తాడు. మిషను సరిగ్గా కుడితే గానీ అసలు గుడ్డ జోలికి పోడు. ఇరవై ఏళ్లుగా ఆ చేతికి అదే అలవాటు.

"నా గొంతు నీకు గుడ్డపీలికరా?" అంది. గట్టిగా అనలేదు.

పాత మైకు తియ్యమంది. దాని మూతికి తనే చేతిరుమాలు చుట్టింది. మొదటి నాలుగూ ఆపకుండా పాడేసింది. రెండో పాటలో మిక్సీ మోగింది, మూడోదాంట్లో వీధిలో ఎవరో హారన్ కొట్టారు, మోగనీ అనుకుంది. అయిదో పాట సగంలో గొంతు జారిపోయింది. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ జారింది. మూడోసారి ఎత్తుకోలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. రెండు నెలలు దాటినా గొంతులోంచి గాలి తప్ప రాలేదు. బస్టాండులో ఆమె కుర్చీలో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుంటోంది; ప్లాట్‌ఫారాలు తప్పు చెబుతోందని డ్రైవర్లు గొణుక్కుంటున్నారు. మిగిలిపోయిన రెండు పాటల రాగాలూ తలలో తిరుగుతూనే ఉన్నాయి, నోట్లోకి రావు. రాగం లేకపోతే మానె, మాటలైనా మిగలనీ అని ఒకరోజు మళ్లీ మేడెక్కింది. తమ్ముడు ఆమె కళ్లలోకి చూడకుండా వెండిరంగు మైకును ముందుకు జరిపాడు. అయిదో పాటా ఆరో పాటా మాటలు మాత్రం ఆ గాలితోనే చెప్పింది. కొట్టతను అబద్ధమాడలేదు. ఆమె పీల్చిన ప్రతి శ్వాసా, గొంతులోని ప్రతి గరుకూ ఆ మైకు వదలకుండా పట్టింది.

అయిపోయాక తమ్ముడు హెడ్‌ఫోను తియ్యకుండానే మొత్తం ఒకసారి విన్నాడు. లెవెలు సరిగ్గా ఉందన్నట్టు తలూపాడు. మరుక్షణం, అలవాటు చొప్పున, చెయ్యి చెరిపేసే మీట మీదికి పోయింది.

"చెయ్యి తియ్యరా," అంది మైకమ్మ.

పక్కనే నిలబడ్డ మరదలికి ఆమె పెదవులు కదలడం కనబడింది తప్ప ఏమీ వినబడలేదు. హెడ్‌ఫోను పెట్టుకున్న తమ్ముడి చెవుల్లో మాత్రం ఆ మాట పెద్దగా, స్పష్టంగా మోగింది.