వేలి మీద ఓళిగ

చింతామణిలో నేను డిజైన్ చేసిన ఇంటికి ఈ రోజు స్లాబు పోయాలి. దూలాలు లేని ఇల్లు, స్లాబు నేరుగా స్తంభాల మీదే నిలవాలి. వెళ్లి చూస్తే, మేస్త్రీ బాత్రూం పైపు కోసం స్తంభాన్ని ఆనుకునే రంధ్రం వదిలాడు.

"యాడ పెడితే ఏముండాది సార్? ఈడైతే పైపు కనపడదు," అన్నాడు.

పూజ చేసి ఇంటామె పంచుతున్న ఓళిగ, అదే బొబ్బట్టు, ఒకటి తీసుకుని, చూపుడు వేలి మీద పెట్టాను. నిలిచింది. వేలి పక్కనే కాస్త తుంచాను. ఓళిగ చిరిగి, వేలు పైకొచ్చింది.

మేస్త్రీ పైపును దూరంగా జరిపించాడు. ఇంటామె మాత్రం ఇంకో రెండు ఓళిగలు నా చేతిలో పెట్టి, "తక్కిన కంబాలు గూడా చూసి రాండప్పా," అంది.

స్తంభం పక్కన రంధ్రం వద్దని డ్రాయింగులో ఎర్ర సిరాతో రాసినా ఎవరూ చదవరు. మీరైతే దేనితో చెప్పేవాళ్లు?