మా యూనివర్సిటీ సరస్సు

యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో మనిషికి ఒక వింత పౌరుషం ఉంటుంది. పాఠాలు బాగోలేవని మనమే తిట్టుకుంటాం, మెస్సులో సాంబారు నీళ్లలా ఉందని మనమే ధర్నా చేస్తాం. కానీ బయటివాళ్లెవరైనా ‘మీ క్యాంపస్ ఏమంత బాగోదటగా’ అంటే ఒళ్లు మండిపోతుంది. నాకు ఆ మంట కాస్త ఎక్కువ. ఎందుకంటే మా క్యాంపస్ నిజంగానే బాగుండేది కాదు. రాజమండ్రి శివార్లలో అప్పుడే కొత్తగా పెట్టారు. మూడు భవనాలు, వాటి మధ్య ఎర్రకంకర, నీడ కావాలంటే వాటర్ ట్యాంకు పక్కకి వెళ్లి నిలబడాలి. లేడీస్ హాస్టల్ వెనక, పునాదుల కోసం మట్టి తవ్వగా మిగిలిన పెద్ద గుంట ఒకటుండేది. వానాకాలంలో నీళ్లు నిండితే పక్క ఊరి గేదెలు మాకంటే ముందే హాజరు వేయించుకునేవి.

నేను ఎమ్మే రెండో ఏడు చదువుతుండగా విశాఖపట్నంలో యువజనోత్సవం జరిగింది. వక్తృత్వ పోటీలో అంశం ‘మా క్యాంపస్ అందం’. హాస్టల్లో నన్ను రేడియో అనేవాళ్లు (ఆపే మీట లేదని), కాబట్టి నన్నే పంపారు. ఉన్నదున్నట్టు నాలుగు మాటలు రాసుకుని వెళ్లాను. నా ముందు మాట్లాడిన విశాఖ కుర్రాడు కొండ మీది రాతి భవనాలనీ, లైబ్రరీ కిటికీలోంచి కనిపించే సముద్రాన్నీ వర్ణించాడు. (మాది ఉప్పాడ. అతను సముద్రాన్ని పొగుడుతుంటే, మా పెదనాన్న వాళ్ల ఇంటిని వరండాతో సహా పట్టుకుపోయింది ఇదేనా అనిపించింది.) తరవాత తిరుపతి అమ్మాయి లేచి, కొండల మీంచి దిగే మబ్బుల గురించీ, హాస్టల్ దాకా వచ్చే నెమళ్ల గురించీ చెప్పింది. హాలంతా చప్పట్లు. నా వంతు వచ్చింది. కాగితం వంక చూస్తే ఎర్రకంకర, వాటర్ ట్యాంకు కనిపించాయి. కాగితం మడిచేసి, “మా క్యాంపస్‌లో ఒక సరస్సు ఉందండి” అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. సరస్సు అన్నాక కలువలు లేకపోతే ఎలా, కలువలు పెట్టాను. గట్టు వెంట పొగడ చెట్లు నాటాను, వాటి కింద రాలిన పూలు పరిచాను. పొద్దున్నే తెల్ల కొంగలు వచ్చి వాలతాయని చెబుతుంటే నాకే వెళ్లి అక్కడ చేరిపోవాలనిపించింది. రెండో బహుమతి ఇచ్చారు. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ, రిటైరైన ప్రొఫెసరు, సర్టిఫికెట్టు చేతికిస్తూ, “వచ్చే నెల మా చెల్లెలి మనవరాలి పెళ్లికి రాజమండ్రి వస్తున్నానమ్మా. మీ సరస్సు చూసే వెళతాను” అన్నారు. తప్పకుండా రండి అన్నాను. ఆ గొంతు నాదేనని తరవాత తెలిసింది.

నిజం తెలిస్తే ఆవిడ మా వీసీ గారికి ఉత్తరం రాస్తారనీ, సర్టిఫికెట్టు వెనక్కి తీసుకుంటారనీ, ఆ సంగతి ఉప్పాడ దాకా వెళుతుందనీ నెలరోజులు అన్నం సయించలేదు. ఆదుకున్నది నా రూమ్మేటు. వాళ్లది కడియం, ఇంట్లో మొక్కల నర్సరీ. వాళ్ల నాన్నగారిని బతిమాలి ఒక్క పూట కోసం అరవై కుండీలు అడిగింది. “సాయంత్రానికి తిరిగి రావాలమ్మా. ఒక్క ఆకు చిరిగినా కొన్న పార్టీ తీసుకోడు” అన్నారాయన. మేడం గారు వస్తానని కబురు పెట్టిన రోజు పొద్దున్నే రెండు వ్యాన్లలో మొక్కలొచ్చాయి. గట్టు పొడుగునా నిలబెట్టాం. వాటితోపాటు తొట్టెల్లో వచ్చిన కలువలు మూడింటిని గుంటలోకి దింపాం. మిగిలింది గేదెల సంగతి. వాటిని తోలే ముసలమ్మ దగ్గరికి వెళ్లి, ఈ ఒక్క పూటకి ఇటు రానివ్వొద్దని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, “నువ్వే చెప్పుకో పాపా. నా మాట అయి ఎప్పుడు విన్నాయి గనక” అంది.

మేడం గారు పదింటికి పట్టుచీరలో వచ్చారు. గట్టు మీద నడిచారు. ఒక కుండీ దగ్గర ఆగి, కొమ్మకి వేలాడుతున్న అట్టముక్క తిప్పి చూసి, “ఈ చెట్టు పేరు ‘బెంగళూరు, రెండో లోడు’ అని ఉందేంటమ్మా” అన్నారు. అంతలో సరస్సు మధ్యలో నీళ్లు కదిలాయి. అప్పటిదాకా ముక్కు మాత్రం పైకి పెట్టి మునిగి ఉన్న గేదె ఒకటి తీరిగ్గా లేచి, మా కలువని నములుతూ మా వంక చూసింది.

ఏడ్చేశాను. మొత్తం చెప్పేశాను. మేడం గారు కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని గట్టు మీదే కూర్చున్నారు.

“నాకు ఆ రోజే తెలుసు. సరస్సు పక్కన హాస్టల్లో ఉండే పిల్ల దోమల మాట ఎత్తకుండా పది నిమిషాలు మాట్లాడగలదా” అన్నారు.

“మరి బహుమతి ఎందుకిచ్చారండి” అన్నాను ముక్కు చీదుకుంటూ.

“అందుకే రెండోదిచ్చాను.”

తరవాత పెళ్లివారింటి నుంచి తెచ్చిన పూతరేకులు విప్పి నాకూ మా రూమ్మేటుకీ పెట్టారు. తినేటప్పుడు నవ్వించకండి మేడం అంటున్నా వినకుండా, తను చదువుకునేటప్పుడు తమ హాస్టల్ గురించి ఇంటికి రాసిన ఉత్తరాల్లో ఎన్ని అబద్ధాలు ఉండేవో చెబుతూనే ఉన్నారు. సాయంత్రం కుండీలన్నీ వ్యాన్లెక్కాయి. గట్టు మళ్లీ బోసిపోయింది. ఎందుకో ఆ పూట మాత్రం చూడ్డానికి ఏమీ తక్కువగా అనిపించలేదు.

ఇప్పుడు నేనూ పాఠాలు చెప్పుకుంటున్నాను. వైవాల పేరుతో చాలా యూనివర్సిటీలు తిరిగాను. సముద్రం కనిపించే లైబ్రరీలో కూర్చున్నాను, నెమళ్లనీ చూశాను. మొన్న మా అన్నయ్య కూతురు కౌన్సెలింగ్ కోసం ఫోన్లో క్యాంపస్ ఫొటోలన్నీ వరసగా చూపించి, “వీటన్నిట్లో ఏది బాగుంటుంది అత్తా, నువ్వన్నీ చూశావుగా” అని అడిగింది. కళ్లజోడు కోసం చెయ్యి చాచానే గానీ, అది దొరక్కముందే మాదే అనేశాను. ఆ ఒక్క విషయంలో నా సాక్ష్యం ఇప్పటికీ చెల్లదు.