వీపున కట్టిన పిల్ల

మే నెల, గురువారం, సాయంత్రం నాలుగున్నర. తెలంగాణ వచ్చాక నాలుగో ఎండాకాలం.

గేటు లోపల ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, బర్మా నుంచి వచ్చిన ఆమె, పక్కింటి అవ్వ ఏడాదిన్నర మనవరాలు. గేటు బయట ముప్పై నలభై మంది. వాళ్ళలో నేను గుర్తుపట్టినవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ పేర్లు ఆనాటి డైరీలో ఉన్నాయి. ఇక్కడ రాయను.

నేను నేతవాళ్ళ ఇంట్లో పుట్టి, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా రిటైరైనవాణ్ణి. జిల్లాలు విడగొట్టి మా ఊరిని భువనగిరిలో కలిపిన తరువాత కూడా డైరీ అట్ట మీద నల్లగొండ జిల్లా అనే రాసుకుంటున్నాను. అప్పట్లో మా ఊరి మగ్గాల షెడ్డులో సందర్శకుల రిజిస్టరు చూసేవాణ్ణి. భువనగిరి గుట్టెక్కి కోట చూసినవాళ్ళు దిగివచ్చి, చీరలు నేయడం చూడటానికి మా ఊరికి వస్తారు. రంగు అంటకుండా నూలును అక్కడక్కడ దారంతో బిగించి, చిటికి కట్టి, రంగులో ముంచడం చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు, ఒకటో రెండో చీరలు కొని పోతారు.

ఆమె సంగతి హైదరాబాదులో ఉండే నా పాత సహోద్యోగి కూతురు చెప్పింది. ఊళ్ళు తగలబడితే చెల్లెలితో కలిసి బర్మా కొండల నుంచి పారిపోయి వచ్చిందట. చేతిలో శరణార్థి కార్డు తప్ప మరో కాగితం లేదు. చెత్త ఏరే పని చేస్తున్నది. ఎక్కడైనా గౌరవమైన పని చూడమని ఆ అమ్మాయి అడిగింది. నేను మూడు నెలలు తిరిగాను. నాగార్జునసాగర్‌లో ఒక హోటలు వాళ్ళు వంటింట్లో పెట్టుకుంటామన్నారు కానీ మన కూరలు ఆమెకు చేతకావు. గుట్ట కింద లాడ్జి వాళ్ళు ఆధార్ లేదని వద్దన్నారు. చివరికి హైదరాబాదులో ఆమె గదికి పోయినప్పుడు గోడకు ఆనించిన కర్రలూ వాటికి చుట్టిన నూలూ చూసి ఇదేమిటని అడిగాను. ఆమె కింద కూర్చుని, ఒక కొసను కిటికీ ఊచకు కట్టి, రెండో కొసను పట్టీతో తన నడుముకు బిగించుకుని నేసి చూపించింది. మగ్గంలో సగం ఆమె ఒళ్ళే. నేను పుట్టింది మగ్గం చప్పుడులో. అట్లాంటి మగ్గాన్ని అంతకు ముందు చూడలేదు.

షెడ్డు నడిపే సంఘం కార్యదర్శి ఆమె అక్కడ కూర్చుని నేయడానికి ఒప్పుకున్నాడు. పోలీసు స్టేషనుకు నేనే పోయి, ఆమె కార్డు నకలూ ఫోటోలూ ఇచ్చి, నా దగ్గర ఉంటున్నదని రాసి సంతకం పెట్టి, నకలు మీద ముద్ర వేయించుకుని ఫైలులో పెట్టాను. చెల్లెలు హైదరాబాదులోనే ఉండిపోయింది, ఈమె మా ఇంటి వెనక గదిలో ఉండేది. రెండు వారాల్లో టూరిస్టులు ఆమె చుట్టూనే కూర్చోవడం మొదలుపెట్టారు.

ఆ రోజుల్లోనే ఫోన్లలో ఆ మాట తిరిగింది. పిల్లలను ఎత్తుకపోయే ముఠా దిగిందని, తెలుగు రానివాళ్ళని, గుడ్డల్లో చుట్టి తీసుకపోతారని. ఊర్లలో మగవాళ్ళు కట్టెలు పట్టుకుని కాపలా తిరిగారు. నాకూ ముగ్గురు ఆ మెసేజి పంపారు. డైరీలో 'నమ్మదగినది కాదు' అని రాసి ఊరుకున్నాను.

ఆ గురువారం పక్కింటి అవ్వ గోధుమల డబ్బా ఎత్తుకుని పిండి గిర్నికి పోతూ, పిల్లను జర చూడమని ఆమెకు సైగ చేసి ఇచ్చిపోయింది. పిల్ల ఏడుపు అందుకున్నది. ఆమె తన దేశంలో చేసినట్టే చేసింది. పిల్లను వీపు మీద వేసుకుని, దుప్పటిలాంటి నేత గుడ్డతో చుట్టి, రొమ్ము మీద ముడి వేసి, ఎండకు పిల్ల తల మీద కొంగు కప్పి, వాడకట్టు చివరిదాకా నడిచింది. అక్కడ బండి మీద వస్తున్న ఇద్దరు ఆపి అడిగారు. ఆమెకు అర్థం కాలేదు. గట్టిగా అరిచారు. ఆమె పరుగెత్తింది.

పరుగెత్తడంతో వాళ్ళ అనుమానం రూఢి అయిపోయింది.

నేను అరుగు మీద పేపరు చదువుతున్నాను. ఆమె గేటు తోసుకుని లోపలికి వచ్చి నా వెనక నిలబడింది. నేను లేచి గొళ్ళెం వేశాను. అది పిల్లి తోస్తే ఊడే గొళ్ళెం. బండి మీది ఇద్దరూ, వాళ్ళ వెనక మరికొందరూ గేటు దగ్గరికి వచ్చేశారు.

"సార్, జరుగున్రి పక్కకు. పిల్లను ఎత్తుకపోతాంది అది."

"ఎత్తుకపోవుడు కాదు నాయినా. పక్కింటి పిల్ల. అవ్వ గిర్నికి పోయింది, వస్తది."

"ఏ అవ్వ? గిట్ల మూట కట్టుకొని ఎవరన్న పిల్లను ఎత్తుకుంటరా?"

"వాళ్ళ దిక్కు గట్లనే ఎత్తుకుంటరు. పోలీస్ స్టేషన్ల కాగితం ఇచ్చిన. ముద్ర ఉన్నది."

"ఆఫీసుల ఫైలు జరిపినట్టు మమ్ముల జరుపకు సార్. ఏది కాగితం?"

కాగితం షెడ్డు బీరువాలో ఉంది. తాళంచెవి కార్యదర్శి దగ్గర. ఎవరో నవ్వారు. అప్పటికి గుంపు పెరిగింది. ఒక రాయి వచ్చి అరుగు మీది ట్యూబులైటుకు తగిలింది. గాజు పెంకులు నా భుజం మీద పడ్డాయి.

గుంపు వెనక షెడ్డులో రంగులు కలిపే అతను కనిపించాడు. రోజూ ఆమెకు పది గజాల దూరంలో పనిచేసే మనిషి. నాకు ప్రాణం లేచివచ్చింది.

"నువ్వు చెప్పు బిడ్డా, రోజూ చూస్తున్నవ్ కదా!"

అందరూ వెనక్కి తిరిగి అతన్ని చూశారు. అతను తల వంచుకున్నాడు.

"నాకేం తెల్వదు సార్. నేను రంగులకాడ ఉంట."

అతను కూడా భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది. నా భయం రెండింతలైంది.

"పిల్లను ఈయుమను. పిల్లనిస్తే మేం పోతం" అన్నాడు ముందున్నవాడు. వాడి చేతిలో లావు కట్టె ఉంది. ఆమెకు ఆ ఒక్క మాట అర్థమైనట్టుంది. ముడి విప్పబోయింది. వేళ్ళు ఆడలేదు. నా భార్య పోయి ముడి విప్పి పిల్లను చేతుల్లోకి తీసుకుని, గేటు దిక్కు ఒక అడుగు వేసింది.

నేను అడ్డం నిలిచాను. "అవ్వ వచ్చేదాక ఇయ్యద్దు" అన్నాను.

ఆ పిల్ల మా చేతిలో ఉన్నంతసేపు రాయి మళ్ళీ పడదని నాకు తెలుసు. పిల్ల బయటికి పోయిందంటే మాకూ వాళ్ళకూ మధ్య ఆ గొళ్ళెం ఒక్కటే మిగులుతుంది. పది నిమిషాలో, పావుగంటో, ఏడుస్తున్న పసిపిల్లను ఒక ఆడమనిషి ప్రాణానికీ నా ప్రాణానికీ అడ్డం పెట్టుకుని నిలబడ్డాను. ఆనాటి డైరీలో గుంపు లెక్క ఉంది, పగిలిన ట్యూబులైటు ఉంది. ఇది లేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అవ్వ పిండి డబ్బా నెత్తిన పెట్టుకుని సందు మలుపులో కనిపించింది. జనాన్ని చూసి ఎవరో చచ్చిపోయారనుకున్నదట. విషయం తెలియగానే డబ్బా దించి, అందరినీ తోసుకుంటూ వచ్చింది.

"నా పిల్లను నేనే ఇచ్చిపోయిన! మీకేం రోగమొచ్చిందిరా, దొంగ సచ్చినోళ్ళారా? మీ అవ్వలు మిమ్ముల ఎవ్వరికీ ఇయ్యకుంటనే పెంచిన్రా?"

"గట్ల కాదవ్వా, ఫోన్ల చూపిస్తున్నరు..."

"ఫోన్ల నా మనవరాలున్నదారా? చూపియ్యి!"

ఒక్కొక్కరే కదిలారు. కట్టె ఉన్నవాడు చివరికి మిగిలాడు. పోతూ, కోపంతో కాదు, మామూలుగానే అన్నాడు: "ముందుగాల వాడకట్టుల ఒక్క మాట చెప్పద్దా సార్? మాకెట్ల తెలుస్తది?"

స్టేషనులో చెప్పాను. షెడ్డులో చెప్పాను. ముద్ర వేయించాను. ముప్పై రెండేళ్ళు కాగితం సరిగ్గా ఉంటే పని సరిగ్గా ఉన్నట్టే అనుకుని బతికినవాణ్ణి. వాడకట్టులో నాలుగు గడపలెక్కి, ఈమె ఫలానా, మా ఇంట్లో ఉంటది అని చెప్పాలని తోచనే లేదు.

మరుసటి పొద్దున ఆమె మూట సర్దుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "హైదరాబాద్" అంది. మొదటి బస్సుకు నేనూ వెంట బయలుదేరాను. అవ్వ వాకిట్లో చీపురు పట్టుకుని నిలబడింది, పిల్ల ఇంకా నిద్ర లేవలేదు. బస్టాపులో రంగులు కలిపే అతను సైకిలు దిగి పరుగున వచ్చాడు.

"ఏం సార్, తోల్కపోతున్నరా? పదిగంటలకు ఫారినోళ్ళ బస్సున్నది. వాళ్ళు అడిగేదే ఈమె మగ్గం. నిన్న ఏం కాలేదు కదా సార్, ఊకె భయపడుతున్నది."

ఆమె అతని వంక చూడలేదు. బస్సు వచ్చింది, ఎక్కాం. సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయి. నేను కూర్చుని, పక్క సీటు చూపించాను. ముందు సీటులో ఒక తల్లి ఒళ్ళో పిల్లవాడు వెనక్కి తిరిగి ఆమెనే చూస్తున్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, మూట నా ఒళ్ళో పెట్టింది. రెండు చేతులూ పైకెత్తి, అందరికీ కనపడేట్టు పై కడ్డీ పట్టుకుని, హైదరాబాదు దాకా నిలబడే వచ్చింది.