ఎడం గిత్త

మాచర్ల స్టేషన్లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. యాభైల మొదట్లో మాట. ఎండకి రైఫిల్ గొట్టం ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. నల్లమల అంచునున్న ఊరి బయట టెంట్లు వేశాం. మా జవాన్లంతా ఉత్తరాది వాళ్లు, నాదేమో ఈపూరు పక్కన. ఇంకేముంది, ఊళ్లో వాళ్లతో మాటలన్నీ నా నెత్తినే పడ్డాయి.

అప్పటికే కమ్యూనిస్టు దళాలు చెదిరిపోయాయి. కొందరు పోయారు, చానామంది లొంగారు. మా వైపు అడవిలో మిగిలింది కోటయ్య ఒక్కడే. లొంగమని ఒకసారి అరవాలి, పరిగెత్తితే కాల్చాలి, అదీ ఆర్డరు. వాన్లో, ముళ్లలో నెలంతా గాలించాం. మాకు దొరికింది మలేరియా.

కోటయ్య భార్య మరియమ్మ ఒకరోజు టెంటు దగ్గరికొచ్చింది.

"అన్నా, ఆయన పరిగెత్తే మనిషి. కాల్చకుండా పట్టుకోన్నా," అంది.

ఆమాటా ఈమాటా అయ్యాక, తిరనాళ్లలో బండలాగుడు పందెం ఉందనీ, కోటయ్య పెంచిన గిత్తల్ని ఈసారి తన తమ్ముడు తోలతాడనీ చెప్పింది. నేను నేరుగా కెప్టెన్ దగ్గరికి పోయి, కోటయ్య పందేనికి వస్తాడన్నాను. ప్రాణం దాచుకునేవాడు ఎడ్ల కోసం వస్తాడా అని ఆయన పగలబడి నవ్వాడు. మా పల్నాడోళ్ల సంగతి మీకు తెలవదు సార్ అన్నాను.

అయినా పందెం రోజు అందరం పంచెలు కట్టుకుని వెళ్లాం. కింద బూట్లు మాత్రం విప్పలేదు. ఊరంతా చూసి ఒకటే నవ్వు.

పందెం సగంలో బండ ఆగింది. కోటయ్య బామ్మర్ది ఎడం గిత్తని చర్నాకోలతో బాదుతున్నాడు. జనంలోంచి తలగుడ్డ కప్పుకున్న ఒక మనిషి గట్టిగా అరిచాడు.

"ఒరేయ్, దాన్ని కొట్టమాక! అది మాటకే లాగుద్ది!"

మరియమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కెప్టెన్ చెయ్యి నడుముకున్న పిస్తోలు మీదికి పోయింది.

"సార్, బండ గీత దాటనివ్వండి," అన్నాను.

ఆయన నా వంక చూశాడు. చెయ్యి తీశాడు.

కోటయ్య మా బూట్లు చూశాడు. పరిగెత్తలేదు. బామ్మర్ది దగ్గర చర్నాకోల లాక్కుని, దాన్ని ఎత్తకుండానే గిత్తలతో ఏదో చెప్పాడు. బండ కదిలింది, గీత దాటింది. మేమంతా ఈలలేశాం, కెప్టెన్‌తో సహా.

ఆ తర్వాత కోటయ్యకి శిక్ష పడింది, అనుభవించి ఇంటికొచ్చాడు. మేం మళ్లీ మాచర్లలో రైలెక్కాం. కోటయ్య మీద ఎట్టా గెలిచారని మా ఊళ్లో అడిగితే ఈ సంగతే చెబుతా. తుపాకుల కథ కావాలని వాళ్లు మొహం మాడ్చుకుంటారు.

నాకు మాత్రం ఇప్పటికీ ఒకటే కనపడుద్ది. కోటయ్య మా ముందు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. చర్నాకోల ఇంకా కుడిచేతిలోనే ఉంది. అప్పుడే కాడి విప్పిన ఎడం గిత్త వచ్చి, ఆ ఎత్తిన చెయ్యి కింద మూతి దూర్చింది.